ఐదు తూటాలు

2024 సెప్టెంబరు చివరి వారం. రాజమహేంద్రవరం శివార్లలో దివాన్‌చెరువు అడవిలో మొదట కనబడ్డ చిరుత కడియం నర్సరీల్లోకి దిగిందని తెలిసినప్పటి నుంచీ మండపేటలో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా అదే మాట. ద్వారపూడి దాటితే కడియమే కదా. మా వీధిలో కాలవవైపు అరుగున్న పెంకుటింట్లో ఒక సాయంత్రం ఆ మాట పెద్ద వాదంగా ముదిరింది. ఇంటాయన డెబ్భై అయిదేళ్ళ పెద్దాయన, రైసుమిల్లు కొడుకులకి అప్పజెప్పి ఇంటిపట్టున ఉంటున్నారు. తండ్రి తర్వాత తన పేరు మీదికి మార్పించుకున్న లైసెన్సు రైఫిలు ఇంకా ఆయన దగ్గరుంది. ఆ వేసవిలో ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు పోలీసుస్టేషన్లో అప్పగించి, ఫలితాలయ్యాక తెచ్చుకున్నారు. లైసెన్సు రెన్యువల్ గడువు దగ్గరపడింది. ఎదురుగా కూర్చున్నది ఆయన మేనల్లుడు, పశువైద్యుడు. చుట్టుపక్కల కోళ్ళఫారాలు చూస్తాడు, అడవి జంతువులకి మత్తు ఇవ్వడంలో శిక్షణ పొందాడు. ఇద్దరి మధ్యా బల్ల మీద ఐదు ఇత్తడి తూటాలున్నాయి. పక్కన కూర్చుని విన్నది ఇక్కడ రాస్తున్నాను.

మావయ్య: కడియంలో జనం నిద్రలు మానేసి కర్రలు పట్టుకుని తిరుగుతున్నారంట. రైఫిలున్న ఇంట్లో పుట్టి చేతులు ముడుచుకు కూర్చోడం నాకు సిగ్గుగా ఉందిరా అల్లుడూ.

అల్లుడు: ఆ రైఫిలు పట్టుకెళ్ళి ఏం చేస్తారు మావయ్యా?

మావయ్య: అడిగితే చేసే పని నాకు తెలుసు. ఈ తూటా చూడు. పాయింటు 315. అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో వెయ్యికి 315 వంతులు, ఎనిమిది మిల్లీమీటర్లు. గుండు బరువు 244 గ్రెయిన్లు, పదహారు గ్రాములకి రవ్వంత తక్కువ. పాత బంగారం లెక్కలో చెప్పాలంటే తులమ్మీద మూడోవంతు. సెకనుకి ఆరు వందల మీటర్లు దాటిన వేగంతో పోతుంది. చిరుత డెబ్భై కేజీలుండటమే గొప్ప. దానికిది ఎక్కువే.

అల్లుడు: తూటా సరిపోతుందా లేదా అన్నది మీరు జంతువు బరువు బట్టి చెబుతున్నారు. నేను అక్కడే ఒప్పుకోను. ముందు ఈ .315 మన ఇళ్ళలోకి ఎందుకొచ్చిందో చెప్పండి. అడవిలో జంతువుల్ని చూసి ఎంచుకున్నారా దీన్ని?

మావయ్య: లేదు. అది నిజమే. సైన్యం వాడే .303 మామూలు జనానికి ఇవ్వకూడదని తెల్లదొరలు కట్టడి చేశారు. దాంతో కంపెనీలు ఆస్ట్రియా వాళ్ళ పాత ఎనిమిది మిల్లీమీటర్ల మాన్లిఖర్ తూటా తీసుకుని, లీ ఎన్‌ఫీల్డ్ లాంటి రైఫిలు దానికి అమర్చి మనకి అమ్మాయి. స్వతంత్రం వచ్చాక ఇషాపూర్ ఫ్యాక్టరీలో రైఫిలు, పూనా దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీలో తూటా తయారయ్యాయి. మా నాన్నగారు 1964లో కొన్నది అదే. అప్పటికి నాకు పదిహేనేళ్ళు.

అల్లుడు: పెద్ద తూటాలదీ అదే కథ కదండీ. ఏనుగుల్నీ అడవిదున్నల్నీ కొట్టడానికి తెల్లవాళ్ళు .450 బోరు వాడేవారు. తమ పాత మార్టినీ హెన్రీ సైనిక తుపాకుల్లోకి పనికొచ్చే సరుకు తిరుగుబాటుదార్ల చేతుల్లో పడుతుందేమోనని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ బోరుని ఇండియాలోకి రాకుండా ఆపేశారు. అప్పుడు లండను తుపాకి కంపెనీలు .465, .470, .475 అంటూ కొత్తవి పుట్టించాయి. పెద్ద జంతువుల వేటకి ప్రపంచమంతా పేరు చెప్పుకునే .470 తూటా అలా పుట్టిందే. ఏ తూటా ఎవరి చేతిలో ఉండాలన్నది ఆ రోజుల్లోనూ రాజ్యమే తేల్చింది.

మావయ్య: ఆ భయం ఉత్తిదేం కాదురా. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద వరసగా పడి పట్టుకెళ్ళింది తుపాకులూ తూటాలే. మన్యంలో తూటా అంటే ఏంటో దొరలకి అప్పుడు మరీ బాగా తెలిసొచ్చింది. అది రాజకీయం. నేను చెప్పేది వేట. వేటలో తూటా ఎంచుకోడం దయకి సంబంధించిన విషయం.

అల్లుడు: దయా? వేటలోనా?

మావయ్య: ఔను, దయే. ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు, అడవిలో దొరికింది. 1966 చలికాలం. నాన్నగారితో రంపచోడవరం దాటి మారేడుమిల్లి వైపు వెళ్ళాం. లైసెన్సుతో వేటాడే రోజులవి. కాకినాడ నుంచొచ్చిన స్నేహితుడొకాయన చేతిలో పన్నెండు బోరు తుపాకి ఉంది. పన్నెండు బోరంటే పౌను సీసాన్ని పన్నెండు ఉండలు చేస్తే ఒక్కో ఉండ ఎంతుంటుందో గొట్టం అంత వెడల్పని అర్థం. అందులో ఎల్జీ తూటా వేశాడు. ఎల్జీలో ఒక్క గుండు ఉండదు, శనగ గింజల్లాంటి సీసపు గుళ్ళుంటాయి. దగ్గర్లో అయితే అన్నీ ఒక్కచోట తగుల్తాయి. దూరం పెరిగేకొద్దీ విడిపోతాయి. వాగు అవతల కణుజు కనపడింది. అరవై గజాలుంటుంది. పేల్చేశాడు. కణుజు ఒక్కసారి వెనక్కి విరుచుకుని వెదురు పొదల్లోకి పోయింది.

అల్లుడు: తగిలిందా?

మావయ్య: తగిలింది. పొట్టలో రెండు గుళ్ళు, వెనకకాల్లో ఒకటి. చీకటి పడుతోంది, రేపు చూద్దాంలే అన్నాడాయన. నాన్నగారు ఒప్పుకోలేదు. జాడపట్టే కొండరెడ్డి ఒకాయన మాతో ఉన్నాడు. ఆకుల మీద నెత్తురుబొట్టు చూసి, అది ఎండిన తీరు బట్టి ఎంతసేపైందో చెప్పేవాడు. ఆ రాత్రీ మర్నాడూ నడిచాం. మూడో రోజు పొద్దున్న ఒక చెలమ దగ్గర దొరికింది. బతికే ఉంది. నీళ్ళ కోసం మోకాళ్ళ మీద దేక్కుంటూ వచ్చిన గుర్తులున్నాయి. నాన్నగారు దాని మెడలో ఒక గుండు పెట్టారు. తర్వాత ఆ స్నేహితుడి వైపు చూసి, నోరులేని జీవాన్ని రెండ్రోజులు చంపావు అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పెద్ద జంతువు మీద గుళ్ళతూటా పేల్చడం లేదు. తగినంత బరువున్న ఒంటిగుండు, తగినంత వేగం, తగిలితే అక్కడే పడిపోవాలి. అందుకే బరువైన తూటా అంటాను.

అల్లుడు: ఆ కథ నేను ఇంకో రకంగా వింటున్నాను మావయ్యా. అరవై గజాల దూరంలో ఎల్జీ పేల్చకూడదని తెలిసీ పేల్చాడు కదా ఆయన. తప్పు చేసింది తూటానా, ఆ వేలా? ఆయన చేతిలో మీ .315 ఉన్నా పొట్టలోనే కొట్టి ఉండేవాడు.

మావయ్య: .315 పొట్టలో తగిలినా అంత దూరం పోనిచ్చేది కాదు.

అల్లుడు: పోనిస్తుంది. నేను పశువుల పొట్టలు కోసినవాణ్ణి, అందుకే చెబుతున్నాను. జీవం ఉండేది గుండెకాయలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో, వెన్నుపూసలో. కణుజు అడ్డంగా నిలబడితే ముందుకాలి వెనక భోంచేసే కంచమంత చోటుంటుంది. అందులో తగిలితే తులానికి తక్కువ గుండు చాలు. అక్కడ తగలకపోతే మూడు తులాల గుండు కూడా హింసే. స్కాట్లాండ్ వాడు డబ్ల్యూ.డి.ఎం. బెల్ ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. వాటిలో చాలా భాగం ఏడు మిల్లీమీటర్ల చిన్న మౌజర్ తూటాతో. ఏనుగు పుర్రెని రంపంతో కోసి, మెదడు ఎక్కడుందో ఏ వైపు నుంచి చూస్తే ఎక్కడికొస్తుందో నేర్చుకున్నాడు. చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కి 1907లో బహుమానంగా ఇచ్చిందీ అదే జాతి .275 రిగ్బీ రైఫిలు. పెద్ద తూటా పేల్చినప్పుడు భుజం మీద తంతుంది. ఆ తన్ను గుర్తొచ్చి మనిషి ముందే కళ్ళు మూసుకుంటాడు, చెయ్యి ఉలికిపడుతుంది. గురి తప్పేది అక్కడే. తనకి భయం వెయ్యని తూటా ఉన్నవాడే నిదానంగా కొట్టగలడు.

మావయ్య: బెల్ సంగతి నాకు చెప్పొద్దు. ఆయన వెళ్ళింది అప్పటిదాకా తుపాకి చప్పుడు విననీ, మనిషిని చూసి బెదరనీ మందల మధ్యకి. నిదానంగా నిలబడి చెవి దగ్గర గురి చూసుకునే వీలుండేది. నువ్వు మారేడుమిల్లి వెదురులో నడిచావా? పది అడుగుల్లో ఏముందో కనపడదు. అడవిదున్న వెయ్యి కేజీల దాకా తూగుతుంది. దాని వీపు మీద ఎత్తయిన మూపు చూసి, కొత్తవాడు ఎప్పుడూ గుండెకాయ కంటే పైన కొడతాడు. తగిలిన దున్న ఒక్కోసారి పారిపోదు, చుట్టు తిరిగొచ్చి దారి పక్కన కాపు కాస్తుంది. అది నీ మీదికొచ్చేటప్పుడు కంచమంత చోటు ఎక్కడ కనపడుతుంది? మొహం, కొమ్ములు, దుమ్ము. అప్పుడు నిన్ను కాపాడేది గుండు బరువే. కెన్నెత్ ఆండర్సన్ మన చిత్తూరు కొండల్లో మామండూరు పులి వెనక తిరిగినప్పుడు, బెంగుళూరు నుంచి తెచ్చుకున్నది .405 వించెస్టర్. 300 గ్రెయిన్ల గుండు, తులంన్నర దాటుతుంది. కార్బెట్ కూడా చిన్న రిగ్బీతో పాటు .450/400 జోడుగొట్టాలది వాడాడు. నువ్వు ఆ మాట వదిలేశావు.

అల్లుడు: వదిలేశాను, తప్పే. పొదలో గాయపడ్డ జంతువు వెనక వెళ్ళేవాడికి బరువైన తూటా కావాలన్నది ఒప్పుకుంటాను. కానీ చూడండి, ఆ పరిస్థితి ఎలా వచ్చింది? మొదటి దెబ్బ సరిగా పడకపోవడం వల్ల. మొదటి తూటా చేసిన తప్పు దిద్దడానికి పెద్ద తూటా కావాల్సొచ్చింది.

మావయ్య: మొదటి దెబ్బ ఎప్పుడూ సరిగా పడుతుందని చెప్పేవాడు వేటగాడు కాదు. పొరపాటు జరుగుతుందని ఒప్పుకుని, ఆ పొరపాటుకి జంతువు ఎక్కువ బాధపడకుండా ముందే చూసుకోవాలి. గుండు జాతి కూడా అందుకే ఎంచుకోవాలి. ఈ తూటా మూతి చూడు, సీసం బయటికి కనపడుతుంది. దీన్ని సాఫ్ట్‌నోజ్ అంటారు. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, లోపల పెద్ద గాయం చేసి తొందరగా ప్రాణం తీస్తుంది. మూతి కూడా రాగి తొడుగుతో కప్పేసింది ఉంటుంది, సాలిడ్ అంటారు. అది విచ్చుకోదు, సూటిగా లోతుకి పోతుంది. ఏనుగు పుర్రెకీ దున్న భుజానికీ అది కావాలి. చిరుత మీద సాలిడ్ పేలిస్తే సన్నటి బెజ్జం చేసుకుని అవతలికి పోతుంది, చిరుత నెత్తురోడుతూ పొదలోకి పోతుంది.

అల్లుడు: ఒక విషయం మీకు తెలిసే ఉంటుంది. విచ్చుకునే ఆ తూటాల్లో ఒకదాన్ని కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలోనే చేశారు. మనుషులకి భరించరాని గాయం చేస్తుందని 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో అలాంటివి వాడకూడదని తీర్మానించింది. యుద్ధంలో క్రూరమన్న తూటాని మీరు దయ అంటున్నారు.

మావయ్య: రెండూ నిజమేరా. యుద్ధంలో మనిషి పడిపోతే చాలు, చావక్కర్లేదు. డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళేవాళ్ళుంటారు. అడవిలో గాయపడ్డ జంతువుకి డాక్టరెవరు? తోడేళ్ళూ చీమలూ. దానికి సగం గాయమే నరకం. అందుకే వేటగాడు గాయాన్ని ఎంచుకోకూడదు, చావునే ఎంచుకోవాలి. తుపాకి పేలినప్పటి నుంచి జంతువు ప్రాణం పోయేదాకా ఎంతసేపు పట్టిందో ఆ లెక్కంతా వేటగాడి ఖాతాలో ఉంటుంది. మా నాన్నగారు చెప్పిన మాటిది. తూటా ఎంచుకోడానికి నాకు తెలిసిన కొలత అదొక్కటే.

అల్లుడు: ఆ కొలత నాకు నచ్చింది మావయ్యా. దాన్నే పట్టుకుందాం. ఇప్పుడు కడియం వెళదాం. నర్సరీలో చిరుత కనబడింది. మీరు రైఫిలు ఎత్తారు. చిరుత వెనక ఏముంది?

మావయ్య: మొక్కలు.

అల్లుడు: మొక్కల వెనక?

మావయ్య: ... పాకలుంటాయి. కాలవగట్టు మీద ఇళ్ళు. రోడ్డు.

అల్లుడు: మారేడుమిల్లిలో మీ తూటా వెనక కొండ ఉండేది. గురి తప్పినా, జంతువులోంచి అవతలికి దూసుకుపోయినా కొండ మింగేసేది. ఇక్కడ కొండేది? అంతర్వేది దాకా నేల అరిచెయ్యంత చదును. రైఫిలు గుండు అడ్డు లేకపోతే రెండు మూడు కిలోమీటర్లు పోతుంది. కడియం నుంచి రెండు కిలోమీటర్లలో ఎన్ని ఊళ్ళున్నాయి? పూలు కోసే ఆడవాళ్ళెంతమంది? మన మండపేట కాలవ పక్క గట్టెక్కి ఏ దిక్కుకి పేల్చినా ఆ గుండు చివర ఒక మనిషి ఉంటాడు. చిరుతకి ఎంత తూటా కావాలన్నది కొండల్లో అడగాల్సిన ప్రశ్న. డెల్టాలో దానికి జవాబు లేదు.

మావయ్య: చెట్టెక్కి కిందికి పేలిస్తే నేలే గుండుని ఆపుతుంది. మంచె మీద కూర్చునేది అందుకే.

అల్లుడు: మంచె కట్టి, ఎర కట్టి, అది వచ్చేదాకా కూర్చోవాలి. చుట్టూ సెల్‌ఫోన్లు పట్టుకున్న రెండు వందల మంది ఉంటారు. వాళ్ళని ఎవరు ఆపుతారు? పైగా ఈ తూటాలు చూడండి, అరవై ఏళ్ళనాటివి. ఇత్తడి మీద పచ్చగా చిలుమెక్కింది. మన గోదావరి తేమకి లోపల మందు ఎలా ఉందో ఎవరు చెప్పగలరు? గుర్రం కొట్టాక ఒక్క క్షణం ఆగి పేలితే మీ గురి ఎక్కడుంటుంది? సగం పేలి గుండు గొట్టంలోనే ఆగితే?

మావయ్య: కొత్తవి కొనుక్కోవచ్చు. లైసెన్సుంది.

అల్లుడు: కొనొచ్చు. పేల్చడానికి వీల్లేదు. 1972 వన్యప్రాణి చట్టం మొదట్లో వేట లైసెన్సులు ఉంచింది. అందులో మీ నాన్నగారి నియమమే ఉండేది. పెద్ద జంతువుల్ని రైఫిలుతోనే కొట్టాలి, ప్రత్యేక అనుమతితో షాట్‌గన్ వాడినా ఒంటిగుండే వాడాలి. 1991 సవరణతో ఆ లైసెన్సులన్నీ పోయాయి. ఇప్పుడు పులినో చిరుతనో చంపాలంటే అది మనుషుల ప్రాణాలకి ప్రమాదమైందని, పట్టుకోడానికీ మత్తు ఇవ్వడానికీ వేరేచోటికి తరలించడానికీ వీల్లేదని రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి నమ్మి, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. అది లేకుండా పేలిస్తే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు. ఎదురుగా వచ్చిన జంతువు నుంచి ప్రాణం కాపాడుకోడం వేరు, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళడం వేరు.

మావయ్య: చట్టం చెప్పావు. నేను ప్రాణం సంగతి అడుగుతున్నాను. రేపది పసిపిల్లని ఎత్తుకుపోతే?

అల్లుడు: 2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ఊళ్ళల్లో పెద్దపులే తిరిగింది. నెలకి పైగా. ఆవుల్నీ గేదెల్నీ చంపింది. కెమెరాలు పెట్టారు, బోన్లు పెట్టారు, పడలేదు. అప్పుడూ కాల్చెయ్యమన్నారు జనం. ఎవరి ప్రాణమూ పోలేదు, అది ఉత్తరంగా దాని దారిన అది వెళ్ళిపోయింది. చిరుత కూడా మనల్ని తినడానికి రాలేదు, దారి తప్పి వచ్చింది. దానికి కావాల్సింది వెనక్కి పోయే దారి. మనం చుట్టూ గుమిగూడి ఆ దారే మూసేస్తున్నాం.

మావయ్య: వెళ్ళకపోతే?

అల్లుడు: మత్తుసూది. నాది కూడా తూటాయే అనుకోండి మావయ్యా. గాలి ఒత్తిడితో పోయే సిరంజి. అందులో జైలజీన్, కెటమీన్ కలిపిన మందుంటుంది. నేను కూడా మీలాగే బరువు అంచనా వెయ్యాలి. యాభై కేజీల చిరుతకి వంద కేజీల మోతాదు పడితే ఊపిరి ఆగొచ్చు, తక్కువ పడితే సగం మత్తులో లేచి మీద పడొచ్చు. తొడ కండలోనో భుజం కండలోనో పడాలి, పొట్టలో పడకూడదు. ముప్పై, నలభై మీటర్లు దాటితే నమ్మకం లేదు. మీ కొలతలే నాకూ ఉన్నాయి. తేడా ఒక్కటే, నాది పొరపాటు పడితే దిద్దడానికి ఇంకో ఇంజెక్షనుంది.

మావయ్య: మత్తు ఎక్కడానికి ఎంతసేపు?

అల్లుడు: పది నిమిషాలు. ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

మావయ్య: ఆ పది నిమిషాలూ అది ఊరుకుంటుందా? సూది గుచ్చుకున్న కోపంతో నీ మీదికొస్తే నీ వెనక ఎవరుంటారు?

అల్లుడు: రైఫిలు పట్టుకున్నవాడు ఉండాలి. ఇది మీతో వాదంలో నేను ఓడిపోయే చోటు. 2018 నవంబరులో మన ఆదిలాబాదు సరిహద్దు అవతల యవత్మాల్ అడవుల్లో అవని అనే ఆడపులిని చంపింది హైదరాబాదు నుంచి వెళ్ళిన వేటగాడే. రాత్రిపూట, మత్తుసూదీ తుపాకీ ఏది ముందు ఏది వెనక అన్నదాని మీద దేశమంతా గొడవ జరిగింది. ఆ గొడవ నుంచి నేను నేర్చుకున్నది ఒకటుంది. సూది వేసే డాక్టరూ, వెనక కాపు కాసే రైఫిలూ, ఇద్దరికీ ఆదేశమిచ్చే అధికారీ ఒక పద్ధతిలో పని చెయ్యాలి. పద్ధతి తప్పితే ఏ తూటా అయినా తప్పే.

మావయ్య: అయితే ఆ వెనకవాడి చేతిలో ఏముండాలో చెప్పు, నువ్వు డాక్టరువి కదా.

అల్లుడు: అది మీరే చెప్పాలి. ఇందాకటి నుంచి అందుకే వింటున్నాను.

మావయ్య: చెబుతాను, రాసుకో. చిరుతకయితే .315 గానీ .30-06 గానీ సాఫ్ట్‌నోజ్ చాలు. పెద్దపులికి .375 మాగ్నం, 300 గ్రెయిన్లది. 1912 నుంచి ఉంది, దాన్ని మించి ఎటైనా పనికొచ్చేది ఇంకోటి రాలేదు. ఏనుగుకయితే .458 గానీ .470 గానీ సాలిడ్. కానీ తూటా కంటే ముందు మనిషిని ఎంచాలి. ఆ తుపాకితో ఏడాది పొడుగునా గురి సాధన చేసినవాడై ఉండాలి. జంతువు పడినా దగ్గరకెళ్ళకుండా ఆగగలిగినవాడై ఉండాలి. గాయపడి పొదలోకి పోతే, రెండ్రోజులైనా దాని వెనక నడిచేవాడై ఉండాలి. గుండు వెనక మట్టి లేనిదే వేలు కదపనివాడై ఉండాలి. నీ డెల్టా మాట అందులో కలుపుతున్నాను, చూశావా.

అల్లుడు: చూశాను. మరి రెన్యువల్‌కి మీరెందుకు తొందరపడుతున్నారు? మీరు చెప్పిన నాలుగింట్లో మీకెన్ని ఉన్నాయి?

మావయ్య కాసేపు మాట్లాడలేదు. కాలవగట్టు మీద ధాన్యం ట్రాక్టరొకటి పోయింది. ఆ చప్పుడు తగ్గాక ఒక తూటా చేతిలోకి తీసుకుని అన్నారు.

మావయ్య: ఒకటే ఉంది. ఎప్పుడు పేల్చకూడదో తెలియడం. నా చెయ్యి వణుకుతుంది. చివరిసారి ఈ రైఫిలు పేల్చి ముప్పై ఏళ్ళు దాటింది. రేపు నేను కడియం వెళ్ళి పేలిస్తే, ఆ కాకినాడ స్నేహితుడికీ నాకూ తేడా ఉండదు. ఆ చిరుత ఎన్ని రోజులు చస్తుందో ఆ లెక్క నా ఖాతాలో పడుతుంది.

అల్లుడు: పొలాల మీద పడే పందుల కోసమైనా ఉంచుకోమనేవాళ్ళుంటారు మావయ్యా. వాళ్ళకీ ఇదే చెప్పండి. మన్యం అంచున పంటలు పోయే రైతుల బాధ నాకు తెలుసు. తెలంగాణలో ప్రభుత్వం అనుమతించిన షూటర్లతో పందుల్ని కాల్పించే పద్ధతి పెట్టారు. అలాంటి పద్ధతి లేనిచోట నాటుబాంబులూ కరెంటు తీగలూ వస్తున్నాయి. దవడ పేలిపోయిన పందిని ఒకసారి చూశాను. తినలేదు, తాగలేదు, చావలేదు. ఆ తీగకి తగిలి పోయిన రైతుల ఇళ్ళకీ వెళ్ళాను. మీ నాన్నగారి కొలత పెడితే దేశంలో అన్నిటికంటే పాపిష్టి తూటా ఆ నాటుబాంబే.

మావయ్య: ఔను. దాన్ని తూటా అనకూడదు. తూటా పేల్చినవాడు అక్కడుంటాడు, చూస్తాడు, వెనక నడుస్తాడు. బాంబు పెట్టినవాడు ఇంట్లో నిద్రపోతాడు.

ఐదు తూటాలూ పాత గుడ్డలో చుట్టి, లైసెన్సు పుస్తకంతో పాటు ఒక సంచిలో పెట్టారాయన. రైఫిలూ తూటాలూ పోలీసుస్టేషన్లో అప్పజెప్పి, లైసెన్సు వదులుకుంటున్నట్టు కాగితం రాసిస్తానన్నారు. మేనల్లుడు కాగితం తెచ్చాడు. వాదంలో ఎవరు గెలిచారని నన్నడిగితే ఇద్దరూ అంటాను. పెద్ద జంతువుకి బరువైన ఒంటిగుండు కావాలని పెద్దాయన అన్నది నిజం. ఆ గుండు పేల్చే హక్కు శిక్షణా అధికారమూ ఉన్న చేతికే ఉండాలని, అంతకుముందు దారి వదలడం, బోను, మత్తుసూది అన్నీ అయిపోవాలని కుర్రవాడన్నదీ నిజం. పేలిన క్షణం నుంచి ప్రాణం పోయేదాకా పట్టే సమయం ఎవరి ఖాతాలో పడుతుందో అడిగితే ఆ రెండు మాటలూ ఒకచోటికే వస్తాయి.

ఆ సెప్టెంబరులో కడియం చిరుత మీద ఒక్క తూటా పేలలేదు. మన గోదావరి జిల్లాల్లో అటకల మీదా బీరువాల్లోనూ ముత్తాతల నాటి వేట తుపాకులు ఇంకా ఉన్నాయి. వాటి యజమానులు ఒక్కసారి ఈ లెక్క వేసుకోవాలి. తమ చెయ్యి, తమ చూపు, తమ తూటా, తమ ఇంటి ముందున్న చదును నేల, ఈ నాలుగూ చూసుకుని తేల్చుకోవాలి. చిరుత కనపడితే గుమిగూడకుండా తలుపులు వేసుకుని, పసిపిల్లల్నీ పశువుల్నీ లోపల ఉంచి, అటవీశాఖకి కబురు చెప్పండి. దానికి వెనక్కి పోయే దారి వదలండి.